పొగ చెప్పే సాక్ష్యం

డిసెంబరు తెల్లవారుజామున కృష్ణా డెల్టాలో మంచు ఎంత దట్టంగా దిగుతుందో అక్కడ పుట్టినవారికి చెప్పనక్కరలేదు. ఎదుటి మనిషి కనిపించడు. అతని మాట మాత్రం వినిపిస్తుంది. పామర్రు సమీపంలోని ఒక పల్లెలో, అటువంటి మంచులో, మా చిన్నాన్నగారి అబ్బాయి తన లారీకి తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు మూలిగి, మూడవసారి అందుకున్నది. మరుక్షణం లారీ వెనుక మంచు మరింత చిక్కబడ్డది. ఏది మంచో, ఏది పొగో తెలియలేదు.

"చూశావా అన్నయ్యా! రోజూ ఇదే వరస" అన్నాడు మా తమ్ముడు.

ఆ లారీ 2004లో తయారైనది. మావాడు దానికి నాలుగవ యజమాని. కోతల కాలంలో ధాన్యం, తరువాత చెరకు, ఎండాకాలంలో ఇటుక—ఆ లారీ మోసే బరువు మీదనే ఆ ఇల్లు నడుస్తున్నది. రెండు నెలలుగా పొగ ఎక్కువైంది, ఆయిల్ తాగుతున్నది, ఇంజను మీది ఆయిల్ మూత తీస్తే బుసబుసమని ఆవిరి కొడుతున్నది. "బోరు పోయింది, ఇంజను దించవలసిందే" అని దగ్గరలోని మెకానిక్ తేల్చాడు. లక్షన్నర అవుతుందట, పదిహేను రోజులు లారీ షెడ్డులోనే ఉండాలట. సరిగ్గా ధాన్యం రవాణా ఊపందుకునే రోజులవి. ఉన్న ఎకరంలో సగం తాకట్టు పెట్టడానికి మావాడు కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నాడు. సంతకం చేసే ముందు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రికి లారీని చూపిద్దామని నేనే పట్టుబట్టాను. అందుకే ఆ ప్రయాణం.

పామర్రు దాటి బందరు రోడ్డు మీద ఉయ్యూరు వైపు సాగాము. డెల్టా భూమి అరచేయిలా చదునుగా ఉంటుంది. ఇంజను సత్తువ పరీక్షించడానికి ఘాట్ రోడ్డు ఎక్కాలంటారు. ఇక్కడ ఘాట్ రోడ్లు లేవు. కాలువల మీది వంతెనలే మాకు కొండలు. వంతెన ఎక్కినప్పుడల్లా నేను పక్క అద్దంలో చూస్తూ వచ్చాను. బయలుదేరినప్పటి తెల్లపొగ ఇంజను వేడెక్కగానే పోయింది. ఎక్కుడులో నల్లని మబ్బు లేచేది. వంతెన దిగిన తరువాత కూడా సన్నని నీలిరంగు తెర ఒకటి మమ్మల్ని వదలకుండా వెంబడించేది. చక్కెర కర్మాగారానికి పేరుపడ్డ ఉయ్యూరులో, ఎదురుగా వస్తున్న బడిపిల్లల ఆటో ఒకటి మా పొగలో చిక్కుకున్నది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. మావాడు అద్దంలోంచి చూపు మరల్చుకున్నాడు. ఆ తరువాత కంకిపాడు వచ్చేదాకా మా మధ్య మాటలు లేవు.

విజయవాడకు లారీల ఊరుగా పేరు రావడం యాదృచ్ఛికం కాదు. కలకత్తా నుండి మద్రాసు పోయే రహదారీ, హైదరాబాదు నుండి బందరు రేవుకు పోయే రహదారీ ఇక్కడే కలుస్తాయి. ఈనాడు వాటి నెంబర్లు 16, 65. ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య సరుకు మోసే బండ్లు ఎన్నో ఈ గడ్డ తొక్కిపోతాయి. బండి ఆగిన చోట బండి పని పుడుతుంది. ఊరంతా చెదరి ఉన్న ఆ పనిని ఒకచోట కుదురుగా చేర్చాలన్న తలంపుతో 1960ల దశాబ్దంలో పటమట, కానూరుల చెంత వెలసినదే జవహర్ ఆటోనగర్. ఆసియాలో ఇంత పెద్ద మోటారు పేట మరొకటి లేదని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. తరువాత గుంటూరులోనూ, విశాఖపట్నం గాజువాకలోనూ, హైదరాబాదులోనూ ఇదే పేరుతో పేటలు వెలిశాయి.

ఆటోనగర్ లోపలికి అడుగుపెట్టినవారికి ముందు తెలిసేది శబ్దం. ఒక వీధిలో కమాను పట్టీల మీద సమ్మెట దెబ్బలు. మరొక వీధిలో బాడీ కట్టే వడ్రంగుల రంపపు కోత. వారి పక్కనే రంగులవాళ్ళు తలుపుల మీద తామరపూలు, నెమళ్ళు, వెనుక చెక్క మీద యజమాని పిల్లల పేర్లు రాస్తుంటారు. రేడియేటర్లవారి వీధి వేరు, డీజిల్ పంపులవారి వీధి వేరు, బోరు కొట్టే లేత్ మిషన్లవారి వీధి వేరు. లారీ శరీరంలోని ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క వైద్యుడు. ఏ వైద్యుడి వద్దకు వెళ్ళాలో తెలియడమే అన్నిటికన్నా కష్టం. ఎందుకంటే ఎవరి దగ్గరకు వెళితే రోగం వారి వీధిదే అయి కూర్చుంటుంది.

మేము వెతుక్కుంటూ వెళ్ళిన మేస్త్రికి డెబ్బై ఏళ్ళు ఉంటాయి. షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చుని టీ తాగుతున్నారు. లారీ ఆగగానే ఆయన శిష్యుడు, పాతికేళ్ళ కుర్రవాడు, బానెట్ ఎత్తి ఆయిల్ మూత తీశాడు. రంధ్రంలోంచి బుస్సున ఆవిరి వచ్చింది. మూతను తిరగేసి రంధ్రం మీద పెట్టాడు. అది గజగజలాడి, ఎగిరి పక్కన పడ్డది.

"బ్యాక్ కంప్రెషన్, మేస్త్రి గారూ. ఇంజను దించాల్సిందే" అన్నాడు.

పెద్దాయన మంచం మీదనుంచి లేవలేదు. "దించడం ఎంతసేపురా! ముందు బండి చెప్పేది విననీ" అని మావాడి వైపు తిరిగి వరసగా ప్రశ్నలు వేశారు. పొగ పొద్దున్నా, బరువు మీదా, ఎప్పుడూనా? నీళ్ళు తగ్గుతున్నాయా? వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ ఎంత పోస్తున్నావు? ఈ పొగ మెల్లగా పెరిగిందా, ఉన్నట్టుండి వచ్చిందా? ఈ మధ్య ఎవరైనా పంపు ముట్టుకున్నారా? గాలి ట్యాంకులోంచి నీళ్ళు వదిలినప్పుడు ఏం వస్తున్నది?

చివరి ప్రశ్నకు మావాడు కొంచెం తడబడ్డాడు. "నల్లగా నూనె వస్తున్నదండీ. బ్రేకు గాలి నిండడానికి కూడా ఈమధ్య ఎక్కువసేపు పడుతున్నది" అన్నాడు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టారు.

ఇక్కడ కథ కాసేపు ఆపి, ఇంజను లోపల జరిగే పని గురించి రెండు మాటలు చెప్పాలి. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1892లో ఒక తలంపుకు పేటెంటు కోరుతూ దరఖాస్తు చేసి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో దాన్ని నడిపి చూపించాడు. గాలిని సుమారు పదహారు, పదిహేడు వంతులలో ఒక వంతుకు అణచివేస్తే, అది ఏ నిప్పురవ్వా అవసరం లేకుండా చిమ్మిన నూనెను మండించేటంత వేడెక్కుతుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే, ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 1,000 సార్లు ఆ మంట రేగుతుంది. ఆ ఒత్తిడిని కిందికి జారనీయకుండా ఆపేవి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. ఎంత కొత్త ఇంజనైనా కొద్దిపాటి గాలి వాటి సందుల్లోంచి అడుగు భాగానికి జారక మానదు. దాన్ని బయటికి వదలడానికే బ్రీదర్ పైపు ఉంటుంది. రింగులూ, బోరూ అరిగినకొద్దీ ఆ జారుడు పెరుగుతుంది. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దానినే.

"పొగ రంగును బట్టి సగం సంగతి తెలుస్తుంది" అన్నారు మేస్త్రి. చలిలో కాసేపు తెల్లపొగ వచ్చి పోతే అది రోగం కాదు. మండని డీజిల్ మాత్రమే. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తూ రేడియేటరులో నీళ్ళు తగ్గుతుంటే, హెడ్డు దగ్గర నీరు లోపలికి దిగుతున్నదేమో చూడాలి. నల్లపొగ వస్తే గాలికి మించి డీజిల్ పడుతున్నదన్నమాట. ఎయిర్ క్లీనర్ పూడిపోయినా, నాజిల్ సరిగా చిమ్మకపోయినా, పంపును ఎక్కువకు తిప్పినా అదే ఫలితం. నీలిపొగ ఇంజను ఆయిల్ మండుతున్నదానికి గుర్తు. ఆ ఆయిల్ రింగుల పక్కనుంచి రావచ్చు, వాల్వు గైడుల నుంచి రావచ్చు, టర్బో నుంచీ రావచ్చు. టర్బో అంటే ఇంజను వదిలే పొగ ఊపుతోనే తిరుగుతూ ఇంజనులోకి గాలిని దట్టించే చిన్న చక్రం.

"పొగ ఒక్క సాక్షి మాత్రమే. ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పకూడదు గదా!" అన్నారాయన.

పరీక్ష మొదలైంది. ముందుగా నాలుగు చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టించారు. తరువాత బ్రీదర్ పైపు విప్పించి చూశారు. అందులో కొంత జిడ్డు పేరుకున్నది గాని, దారి మూసుకుపోలేదు. అది పూర్తిగా మూసుకుపోతే మంచి ఇంజను కూడా ఆయిల్ మూతను ఎగరగొడుతుందట. మూత ఎగరడం చూసి తీర్పు చెప్పేవారు మరచిపోయే విషయం ఇదేనని శిష్యుడికి చెప్పారు.

ఆ తరువాత ఆయన చేసిన పని చూసి నేను ఆశ్చర్యపోయాను. ఇంజను నడుస్తుండగా బ్రీదర్ పైపు చివర అరచేయి దగ్గరగా పెట్టి ఊరక నిలబడ్డారు. పైపులోంచి ఆవిరి అదేపనిగా కొడుతున్నది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. శిష్యుడు అసహనంగా చూశాడు. ఇంతలో బ్రేకు గాలి ట్యాంకు నిండి, వాల్వు 'ఫుస్' మని గాలి వదిలింది. ఆ క్షణంలోనే పైపులోని ఆవిరి సగానికి సగం తగ్గిపోయింది. పెద్దాయన శిష్యుడి చేయి పట్టుకుని అక్కడ పెట్టారు. బ్రేకు నాలుగుసార్లు తొక్కించి ట్యాంకులో గాలి తగ్గించారు. ఆవిరి మళ్ళీ హోరెత్తింది. మళ్ళీ ఫుస్సుమన్నది, మళ్ళీ తగ్గింది.

కుర్రవాడి ముఖం మారింది. "కంప్రెసరా!" అన్నాడు.

లారీ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. ఆ గాలిని నింపే కంప్రెసరు ఇంజను పక్కనే ఉండి, ఇంజనుతోనే తిరుగుతుంది. దాని పిస్టనుకూ రింగులుంటాయి. అవి అరిగితే ట్యాంకుకు పోవలసిన గాలి కిందికి జారి ఇంజను అడుగులో చేరుతుంది. చూసేవారికి అది అచ్చంగా ఇంజను బోరు పోయినట్టే కనిపిస్తుంది. ట్యాంకు నిండి, పని తేలికపడినప్పుడు జారుడు తగ్గుతుంది. రూఢి చేసుకోవడానికి మేస్త్రి ట్యాంకుకు పోయే గొట్టాన్ని కంప్రెసరు దగ్గర విప్పించారు. దాని లోపల బొగ్గులా గట్టిపడిన మసి పెన్సిలు దూరేటంత సందు మాత్రమే మిగిల్చింది. గాలికి ఎదురు లేకుండా చేసి ఇంజను నడిపితే మూత కొద్దిగా కదిలిందే గాని ఎగరలేదు.

నీలిపొగకు కూడా అక్కడే కొంత కారణం దొరికింది. టర్బోకు వెళ్ళిన ఆయిల్ తన బరువుతోనే ఇంజను అడుగుకు దిగిరావాలి. అడుగున గాలి ఒత్తిడి పెరిగితే ఆయిల్ దిగలేక, టర్బో సీళ్ళ పక్కనుంచి జారి పొగగొట్టంలో మండుతుంది. అలా జారిన ఆయిల్ గాలితోపాటు ఇంజనులోకి పోవడం మొదలుపెడితే మరొక ప్రమాదం ఉన్నది. ఇంజను తన ఆయిల్‌నే డీజిల్‌గా మండించుకుంటూ, ఆపినా ఆగకుండా పరుగెత్తవచ్చు.

మావాడి కళ్ళలో వెలుగు వచ్చింది. "అయితే బోరు బాగున్నట్టేనా మేస్త్రి గారూ?" అని అడిగాడు.

"నేనట్లా అన్నానా బాబూ?" అన్నారాయన.

శిష్యుడు ఆరు నాజిళ్ళ గొట్టాల నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేస్తూ పోయాడు. వదులు చేసిన సిలిండరుకు డీజిల్ అందక ఇంజను శబ్దం కుంటుతుంది. ఆ గొట్టంలోంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. అందుకే అక్కడికి చేయి పోనీయవద్దని మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. నాలుగవ దానిని వదులు చేసినప్పుడు శబ్దం పెద్దగా మారలేదు. ఆ సిలిండరు తన వంతు పని చేయడం లేదన్నమాట. నాజిళ్ళు విప్పి, మీటరుతో ఒత్తిడి కొలిచారు. ఐదింటిలో 24కు అటూ ఇటూ వచ్చింది. నాలుగవ దానిలో 19. దాని నాజిల్‌ను పంపుల వీధికి పంపి పరీక్ష చేయిస్తే, మంచులా చిమ్మవలసింది పోయి చుక్కలు కారుతున్నది. అలా కారిన డీజిల్ గోడ మీది ఆయిల్ పొరను కడిగివేస్తుంది. పొర లేని చోట రింగు అరుగుతుంది. ఎయిర్ క్లీనరు విప్పితే వరిపొట్టు, దుమ్ము కలిసి అట్టకట్టి ఉన్నాయి. పంపు మీది సీలు తెగి ఉన్నది. ఎవరో లాగుడు కోసం స్క్రూ తిప్పారు.

మావాడు తల వంచుకున్నాడు. "నేనే తిప్పించానండీ. రెండు టన్నులు ఎక్కువ వేసుకుంటే లాగడంలేదని" అన్నాడు.

పెద్దాయన కోప్పడలేదు. తీర్పు నెమ్మదిగా చెప్పారు. కంప్రెసరు రింగులు, గొట్టం మార్చాలి. నాలుగవ నాజిల్ మార్చాలి. ఎయిర్ క్లీనరు కొత్తది వేయాలి. పంపును మునుపటి కొలతకు తేవాలి. మూడు రోజుల పని. అడిగినదానిలో ఆరవ వంతు ఖర్చు. నాలుగవ సిలిండరు అరిగిన మాట నిజం. ఆయిల్ వేళకు మారుస్తూ, బరువు మించకుండా నడిపితే ఈ కోతల కాలం గడుస్తుంది. ఆ తరువాత ఇంజను విప్పక తప్పదు. "రాసిస్తారా?" అని మావాడు అడిగితే, "లోపలున్న రింగుకు నేను హామీ ఎట్లా ఉంటాను? వెయ్యి కిలోమీటర్లకోసారి ఆయిల్ ఎంత తగ్గిందో పుస్తకంలో రాసుకో. అది పెరిగిననాడు నా దగ్గరికి రా" అన్నారు.

పంపు తిప్పడం దగ్గర మాత్రం వాదన జరిగింది. లాగుడు తగ్గితే ఒక్కొక్క ట్రిప్పులో రెండు టన్నుల కిరాయి పోతుందని మావాడి బాధ. ఫిట్‌నెస్ పరీక్షలో పొగ మీటరు ఉన్నదని శిష్యుడు గుర్తుచేశాడు. ఇటువంటి పాత డీజిల్ బండ్లకు మీటరుకు 2.45 వరకు, బి.ఎస్.-4 వాటికి 1.62 వరకు మాత్రమే పొగ చిక్కదనం ఉండవచ్చని నిబంధన. పెద్దాయన చెప్పిన కారణం వేరు. సైలెన్సరుకు ఎదురుగాలిన నిలబడి, పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది నేను యాభై ఏళ్ళు పీల్చాను. నా వెంట పని నేర్చినవాళ్ళలో ఇద్దరు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. అది ఈ పొగ వల్లనేనని డాక్టర్లు నాకు చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు" అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో చేర్చింది. ఆ సంగతి నేను చెప్పాను. ఆయన తల పంకించారు. మావాడు ఉయ్యూరులోని బడిపిల్లల ఆటో సంగతి ఎత్తలేదు. కాసేపు ఊరుకుని, "తగ్గించండి మేస్త్రి గారూ" అన్నాడు.

మూడవ రోజు సాయంత్రం లారీ తెచ్చుకున్నాము. ఆటోనగర్ వీధుల్లో ఆనాటికి దీపాలు వెలిగాయి. దేశమంతటా 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.-6 బండ్లే అమ్ముతున్నారు. వాటి రోగం ఏమిటో చేతిలోని కంప్యూటరుకు తగిలిస్తే అంకెలలో చెబుతుంది. శిష్యుడు అదీ నేర్చుకుంటున్నాడట. అయితే ఆ అంకె చూడగానే సామాను మార్చే పనికి పూనుకోకుండా, ట్యాంకు నిండేదాకా చేయి పెట్టి నిలబడే ఓపికను మాత్రం ఏ యంత్రమూ నేర్పదు. అది ఆ కుర్రవాడికి ఆ రోజు ఆ పైపు దగ్గర దొరికిందనుకుంటాను.

తిరుగుప్రయాణంలో కంకిపాడు దాటాక ఒక వంతెన ఎక్కుతూ మావాడు గేరు మార్చాడు. లారీ మునుపటి కన్నా నెమ్మదిగా ఎక్కింది. ఇద్దరమూ అద్దంలో చూశాము. వెనుక పలచని పొగ లేచి, వంతెన దిగేసరికి కనపడకుండా పోయింది. దాని వెనుక వస్తున్న మోటారు సైకిలు మనిషి ముఖం స్పష్టంగా కనిపించింది.

ఆ కోతల కాలం ఆ లారీ ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆయిల్ లెక్క పుస్తకంలో అంకెలు మెల్లగా పెరుగుతూ వచ్చాయి. ఉగాది వెళ్ళిన వారానికి మావాడు తనంతట తానే లారీని ఆటోనగర్ తీసుకుపోయి ఇంజను దించాడు. ధాన్యం కిరాయిల మీద మిగిలిన డబ్బు అందుకు సరిపోయింది. తాకట్టు కాగితాలు సంతకం లేకుండానే ఇంట్లో పెట్టె అడుగున ఉన్నాయి.